కారుచౌక చక్రాలు: అల్లాయ్ వీల్ వెనక పోసిన అంకెల్లో ఏముంది?

బాగా చవకైనదాన్ని కారుచౌక అంటాం. కారు చక్రాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మాట కాస్త టెన్షన్ పెడుతుంది. నాలుగు చక్రాలే కదా రోడ్డుకీ మనకీ మధ్య ఉన్నది!

అల్లాయ్ వీల్స్ కొనేటప్పుడు అందరం ముందు వైపే చూస్తాం. స్పోకులు ఎన్ని, రంగు నలుపా, గన్‌మెటలా, కారుకి నప్పుతుందా అని. అసలు చదవాల్సింది వెనక, బ్రేకు వైపు ఉంటుంది. లోహం పోసినప్పుడే అచ్చుపడిన అంకెలు అక్కడ కనిపిస్తాయి: 17×7.5జె, ఈటీ 40, 5×114.3, 690 కేజీ. పక్కన ఒకటో రెండో చిన్న ముద్రలు. అవి అర్థమైతే చవకైన వీల్ ఎందుకు చవకో చాలావరకు తెలిసిపోతుంది. అర్థం కాకపోతే "చాలా లైట్ వెయిట్ అండీ, రేసింగ్ వీల్ అండీ" అన్న అమ్మేవాళ్ల మాటే దిక్కు.

ఈ విషయం మీద ఎక్కడ చర్చ జరిగినా బరువు దగ్గరే మొదలై బరువు దగ్గరే ఆగుతుంది. నా లెక్క వేరు. కారుకి సరిగ్గా కూర్చోవడం మొదటిది, భారం మోయడం రెండోది. బరువు తక్కువుండటం మూడోది, అదీ చాలా దూరంలో ఉన్న మూడోది.

బోల్టులు పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు

17 అంటే వీల్ వ్యాసం అంగుళాల్లో, 7.5 అంటే వెడల్పు. ఈ వెడల్పును రిమ్ అంచు నుంచి అంచుకి కొలవరు. టైర్ లోపలి అంచు కూర్చునే చోటు నుంచి కొలుస్తారు. అందుకే టేపు పెట్టి బయటి నుంచి కొలిస్తే దాదాపు ఒక అంగుళం ఎక్కువ వస్తుంది. 'జె' అన్నది రిమ్ అంచు ఆకారానికి గుర్తు, దానితో మనకు పెద్దగా పని పడదు.

5×114.3 అన్నది పీసీడీ. అయిదు బోల్టు రంధ్రాలు, వాటి కేంద్రాల మీదుగా వృత్తం గీస్తే దాని వ్యాసం 114.3 మిల్లీమీటర్లు. ఈ వింత అంకె అంగుళాల నుంచి వచ్చింది, నాలుగున్నర అంగుళాలు అంటే 114.3. ఎస్‌యూవీల్లో, పికప్‌లలో కనిపించే 139.7 కూడా అంతే, అది అయిదున్నర అంగుళాలు.

చిక్కల్లా దగ్గర దగ్గరి కొలతలతోనే. 4×98 హబ్‌కి (కారు వైపు వీల్‌ని బిగించే భాగం) 4×100 వీల్ తగిలిస్తే నట్లు ఎక్కుతాయి, బిగుస్తాయి కూడా. కానీ ఒక్కో రంధ్రం మి.మీ. పక్కకి ఉంటుంది కాబట్టి నట్టు ఒకవైపే ఆని కూర్చుంటుంది, స్టడ్ (నట్టు ఎక్కే బోల్టు) వంగుతూ బిగుస్తుంది. 5×112, 5×114.3 విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఈ తేడాను సర్దడానికి, కోను భాగం కాస్త కదిలేలా చేసిన వాబుల్ బోల్టులు దొరుకుతాయి. రోడ్డు మీద వాటితో ఏళ్ల తరబడి నడిపినవాళ్లున్నారు. రేస్ ట్రాక్ మీదికి మాత్రం చాలామంది వాటిని ఒప్పుకోరు, బిగింపు మీద అంత నమ్మకం అవసరమైన చోట కదిలే భాగం ఎందుకన్నది వాళ్ల వాదన.

నట్టు కూర్చునే చోటును అసలు ఎవరూ చూడరు. బయట దొరికే వీల్స్‌లో ఎక్కువ వాటికి 60 డిగ్రీల కోను ఉంటుంది. హోండా కంపెనీ వీల్స్‌కి గుండ్రటి సీటు, టయోటా అల్లాయ్స్ చాలావాటికి వాషర్‌తో చదును సీటు. కంపెనీ నట్లనే తీసి కొత్త వీల్‌కి వాడితే, గుండ్రటి నట్టు కోను గుంటలో సన్నటి గీత మేర మాత్రమే ఆనుతుంది. స్పానర్ బిగిసిందనే చెబుతుంది. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఆ గీత అరిగి నట్టు వదులవుతుంది. నట్టు లోపలి మర (థ్రెడ్) సంగతీ అంతే: టయోటా, హోండాల్లో ఎక్కువగా 12×1.5 (స్టడ్ మందం 12 మి.మీ., మర గీతల మధ్య దూరం 1.5 మి.మీ.), సుజుకి, నిస్సాన్, సుబారుల్లో ఎక్కువగా 12×1.25.

బ్యాలెన్సింగ్ మెషీన్ సున్నా చూపించినా స్టీరింగ్ ఎందుకు వణుకుతుంది?

నా స్నేహితుడొకడు కొత్త అల్లాయ్స్ వేయించాడు. 90 దాటగానే స్టీరింగ్ సన్నగా వణికేది. బ్యాలెన్సింగ్ చేయించాడు. మళ్లీ చేయించాడు. రెండుసార్లూ మెషీన్ సున్నా చూపించింది. మూడోసారి నట్లు విప్పి, వీల్‌ని హబ్ మీద ఊరికే ఆనించి చేత్తో కదిపితే కటకటలాడింది. కారు హబ్ వ్యాసం 54.1 మి.మీ., వీల్ మధ్య రంధ్రం 73.1. రెంటి మధ్యా ఉండాల్సిన ప్లాస్టిక్ రింగులు నాలుగూ కవర్ కూడా విప్పకుండా డబ్బాలోనే ఉన్నాయి.

బయటి వీల్స్ తయారీదారులు మధ్య రంధ్రాన్ని కావాలనే పెద్దగా చేస్తారు, ఒకే వీల్ చాలా కార్లకు పట్టాలని. ధర తగ్గడానికి అదీ ఒక కారణం. ఆ ఖాళీ నింపడానికే హబ్ రింగులు. అవి లేకపోతే వీల్ ఏ అరమిల్లీమీటరో పక్కకి కూర్చుంటుంది. అరమిల్లీమీటర్ అంటే ఎంత? టైర్‌తో కలిపి వీల్ బరువు 18 కిలోలు అనుకుందాం. 18,000 గ్రాములు 0.5 మి.మీ. పక్కకి జరిగితే 9,000. దాన్ని రిమ్ వ్యాసార్థం, సుమారు 200 మి.మీ.తో భాగిస్తే 45. అంటే రిమ్‌కి ఒకవైపు 45 గ్రాముల సీసం అంటించి నడిపినట్టు. బ్యాలెన్సింగ్‌లో మనం 5 గ్రాముల ముక్కల కోసం తంటాలు పడుతుంటాం! మెషీన్‌కి ఇది కనిపించదు, ఎందుకంటే అది వీల్‌ని దాని సొంత మధ్య రంధ్రంలో కోను పెట్టి పట్టుకుంటుంది. కారు హబ్ సంగతి దానికేం తెలుసు?

దీని మీద రెండు వాదనలున్నాయి. హబ్ మీద బిగుతుగా కూర్చోకపోతే వీల్ ప్రమాదకరం అన్నది ఒకటి. అసలు భారాన్ని మోసేది హబ్ అంచు కాదు, నట్లు బిగించినప్పుడు వీల్‌కీ హబ్‌కీ మధ్య పుట్టే రాపిడి, పైగా కోను నట్లే వీల్‌ని మధ్యకు లాగుతాయి అన్నది రెండోది. నిజానికి రెండోదే ఇంజనీరింగ్ పరంగా సరైనది. కానీ నట్లు మధ్యకు లాగాలంటే చక్రం గాల్లో ఉండగా, ఎదురెదురు నట్లు కొంచెం కొంచెంగా బిగించాలి. ఇంపాక్ట్ గన్‌తో ఒక్క నిమిషంలో నాలుగూ బిగించేసే చోట అంత ఓపిక ఎక్కడిది? రింగు ఆ ఓపిక లేనితనానికి విరుగుడు. ట్రాక్ మీద మాత్రం బ్రేకుల వేడికి ప్లాస్టిక్ రింగులు మెత్తబడి ఆకారం పోతాయి, అందుకే అక్కడ అల్యూమినియంవి వాడతారు. అవి మళ్లీ హబ్‌కి తుప్పుతో అతుక్కుంటాయి, అది వేరే తలనొప్పి.

ఆఫ్‌సెట్: వీల్ లోపలికి జరిగిందా, బయటికి జరిగిందా

ఈటీ అన్నది ఒక జర్మన్ మాటకు పొట్టి రూపం. వీల్ వెడల్పుకి సరిగ్గా మధ్యన ఒక గీత గీశామనుకోండి. హబ్‌కి ఆనే ముఖం ఆ గీత నుంచి ఎన్ని మి.మీ. దూరంలో ఉందో అదే ఆఫ్‌సెట్. ముఖం బయటివైపు ఉంటే ప్లస్. నేటి కార్లు దాదాపు అన్నిటికీ ప్లస్సే. అంకె తగ్గేకొద్దీ వీల్ బయటికి పొడుచుకొస్తుంది, పెరిగేకొద్దీ సస్పెన్షన్ వైపు వెళ్తుంది.

ఉదాహరణకి, కంపెనీ వీల్ 15×6.5, ఈటీ 45 అనుకుందాం. కొత్తది 17×7.5, ఈటీ 40. వెడల్పు ఒక అంగుళం పెరిగింది, అంటే అటూ ఇటూ చెరి 12.7 మి.మీ. ఆఫ్‌సెట్ 5 తగ్గింది కాబట్టి మొత్తం వీల్ 5 మి.మీ. బయటికి జరిగింది. బయటివైపు 12.7కి 5 కలిపితే 17.7 మి.మీ. ఎక్కువ, ఫెండర్‌కి (చక్రం పైనుండే బాడీ అంచుకి) అంత దగ్గరైంది. లోపలివైపు 12.7లో 5 తీసేస్తే 7.7 మి.మీ., షాక్ అబ్జార్బర్‌కి అంత దగ్గరైంది. షాక్‌కీ పాత చక్రానికీ మధ్య వేలు దూరే సందు ఉందా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. వీల్ చూడ్డానికి ఎంత బాగున్నా ఈ రెండు అంకెల ముందు ఏమీ చెయ్యలేదు.

ఆఫ్‌సెట్ బాగా తగ్గిస్తే చోటు చాలక ఫెండర్‌కి రాసుకోవడం ఒక్కటే కాదు. టైర్ నేలను తాకే చోటు స్టీరింగ్ తిరిగే అక్షానికి దూరమవుతుంది. గుంతలో పడినప్పుడు, బ్రేకు ఒకవైపు ఎక్కువ పట్టినప్పుడు స్టీరింగ్ చేతిలోంచి లాగుతుంది. వీల్ బేరింగ్ మీద భారమూ పెరుగుతుంది.

బ్రేకు కాలిపర్ (డిస్కును నొక్కి పట్టే భాగం) సంగతి అంకెల్లో ఎక్కడా ఉండదు. ఒకే సైజు, ఒకే ఆఫ్‌సెట్ ఉన్న రెండు వీల్స్‌లో ఒకటి పెద్ద కాలిపర్ మీద సులువుగా తిరుగుతుంది, ఇంకోటి స్పోకు వెనక రాసుకుంటుంది. ఇక్కడ అంతా తేల్చేది స్పోకు వంపే. ట్రాక్ కార్లవాళ్లు కాలిపర్ ఆకారాన్ని అట్టముక్క మీద కత్తిరించి, వీల్ లోపల పెట్టి తిప్పి చూస్తారు. ఇప్పటికీ అది నమ్మదగిన పద్ధతే.

పోత, ఫ్లో ఫార్మింగ్, ఫోర్జింగ్: పేరు మారితే లోహం మారుతుందా?

చవకైన వీల్స్ అన్నీ పోతవే. కరిగిన అల్యూమినియాన్ని, సాధారణంగా ఏ356 అనే మిశ్రమాన్ని, అచ్చులో పోస్తారు. ఊరికే పై నుంచి పోస్తే లోపల గాలి బుడగలు మిగిలే అవకాశం ఎక్కువ. కింద నుంచి కొద్దిపాటి ఒత్తిడితో నింపితే తక్కువ. బలం చాలకపోతే మందం పెంచాలి, కాబట్టి బరువెక్కుతుంది. ఫోర్జింగ్‌లో గట్టి దిమ్మెను, ఎక్కువగా 6061 మిశ్రమాన్ని, వేల టన్నుల ప్రెస్ కింద నొక్కుతారు. లోహంలోని కణాలు ఆకారం వెంట సర్దుకుంటాయి, తక్కువ లోహంతోనే అదే బలం వస్తుంది. గట్టి దెబ్బ తగిలినప్పుడు పగలడం కన్నా వంగడానికే ఎక్కువ అవకాశం.

మధ్యలో ఉన్నది ఫ్లో ఫార్మింగ్. మామూలు పోత వీల్‌నే వేడి చేసి తిప్పుతూ, రిమ్ గోడను రోలర్లతో నొక్కి సాగదీస్తారు. చపాతీ పిండిని కర్రతో ఒత్తి పలచన చేసినట్టే. గోడ పలచబడుతుంది, గట్టిపడుతుంది. గమనించాల్సింది ఏంటంటే, రోలర్లు తాకేది గోడనే. స్పోకులు, మధ్య భాగం పోతలో ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. 'రోటరీ ఫోర్జ్‌డ్', 'స్పన్ ఫోర్జ్‌డ్' అని అమ్మేవి చాలావరకు ఇవే. ఫోర్జ్ అన్న మాట వాడినంత మాత్రాన ఫోర్జింగ్ అయిపోదు. అలాగని ఇవి తీసిపారేసేవీ కావు. తక్కువ బడ్జెట్‌లో వీధికీ ట్రాక్‌కీ ఒకే వీల్ కావాలనుకునేవాళ్లు చివరికి ఎక్కువగా ఇక్కడికే చేరుతున్నారు. ఎన్‌కీ ఆర్‌పీఎఫ్1 లాంటివి ఏళ్లుగా ట్రాక్‌ల దగ్గర కనిపిస్తూనే ఉన్నాయి.

ఒక కిలో తగ్గితే నాలుగు కిలోలు తగ్గినట్టా?

ఈ మాట వినని కారు పిచ్చివాడు ఉండడు. కొందరు పది అని కూడా అంటారు. లెక్క వేసి చూద్దాం. కారు కదిలేటప్పుడు చక్రం ముందుకీ వెళ్లాలి, చుట్టూ కూడా తిరగాలి. వీల్ బరువంతా టైర్ బయటి అంచులోనే ఉందనుకున్నా, తిప్పడానికి పట్టే శ్రమ ముందుకు నెట్టడానికి పట్టేదానికి సమానం. అంటే ఒక కిలో రెండు కిలోలతో సమానం, అంతకు మించదు. నిజానికి వీల్ బరువు అంచులో ఉండదు. 17 అంగుళాల వీల్‌లో సగటున కేంద్రం నుంచి 18 సెం.మీ. దూరంలో ఉందనుకుంటే, టైర్ వ్యాసార్థం 30 సెం.మీ. అయినప్పుడు ఆ నిష్పత్తి 0.6, దాని వర్గం 0.36. కిలో తగ్గితే 1.36 కిలోలు తగ్గినట్టు.

ఒక్కో వీల్‌లో 2 కిలోలు, మొత్తం 8 కిలోలు తగ్గించామనుకుందాం. ఫలితం సుమారు 11 కిలోలు. 1,200 కిలోల కారులో ఒక శాతం కూడా కాదు. డిక్కీలోంచి ఒక సూట్‌కేసు దించేస్తే వచ్చే తేడా అంతే.

మరి తేలిక వీల్స్ వేశాక కారు చురుగ్గా ఉందన్నవాళ్లంతా ఊహించుకుంటున్నారా? కాదు. స్ప్రింగు కింద వేలాడే బరువు, అంటే వీల్, టైర్, బ్రేకు, హబ్ కలిపి ఒక మూలకు 35 కిలోలు అనుకుంటే, 2 కిలోలు దాదాపు 6 శాతం. గతుకుల మీద చక్రం నేలను అంటిపెట్టుకుని ఉండటంలో ఆ తేడా పనిచేస్తుంది. ట్రాక్ మీద కెర్బులు (అంచుల్లోని గట్లు) ఎక్కి దిగేవాళ్లకి అది విలువైనదే.

తేలిక వీల్స్‌లో పేరుమోసిన టీఈ37 అనే మోడల్‌కి ఆ 37 వచ్చిందే 15×6 సైజు వీల్ బరువు 3.7 కిలోలు కావడం వల్ల. 1996లో వచ్చిన ఆ ఫోర్జ్‌డ్ వీల్ పేరుకు అంత మోజు ఏర్పడింది. కానీ అదే డిజైన్ 18 అంగుళాలకి పెరిగేసరికి 3.7 కిలోల మాటే ఉండదు. సైజు చెప్పకుండా బరువు మాత్రమే చెబితే అది సగం సమాచారం.

690 కేజీ అన్న అంకె, జేడబ్ల్యూఎల్ ముద్ర

కేజీల అంకె ఒక్కో వీల్ మోయగల భారం. దీన్ని ఖాళీ కారు బరువుతో పోల్చకూడదు, ఒక ఇరుసు మీద అనుమతించిన గరిష్ఠ భారంతో పోల్చాలి. ముందు ఇరుసుకి 1,040 కిలోలు అనుమతి ఉంటే ఒక్కో వీల్ కనీసం 520 మోయాలి. 690 అని ఉంటే నిశ్చింత. చిన్న హ్యాచ్‌బ్యాక్‌ల కోసం చేసిన 475 కేజీల వీల్ బోల్టులు పట్టినా ఈ కారుకి పనికిరాదు. అంకె అసలు లేకపోతే? నేనైతే ఆ వీల్ గురించి ఇంకేం అడగను.

జేడబ్ల్యూఎల్ అన్నది తేలిక మిశ్రమ చక్రాలకు జపాన్ ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. తన వీల్ ఆ ప్రమాణానికి తగ్గట్టు ఉందని తయారీదారే చెప్పుకుంటూ వేసే ముద్ర అది. పక్కన వీఐఏ ముద్ర కూడా ఉంటే తయారీదారు కాని వేరే సంస్థ పరీక్షించి నమోదు చేసిందని అర్థం. రెంటికీ చాలా తేడా ఉంది. యూరప్‌లో జర్మన్ తనిఖీ సంస్థ టీయూవీ, ఐక్యరాజ్యసమితి 124వ నిబంధన ఇలాంటి పనే చేస్తాయి.

పరీక్షలు ప్రధానంగా మూడు. వీల్‌ని వంచుతూ తిప్పడం, నిలువు భారంతో దొర్లించడం, 13 డిగ్రీల కోణంలో బరువును అంచు మీద పడేయడం. మొదటిది మలుపులకు నకలు. జేడబ్ల్యూఎల్‌లో లక్ష చుట్లు తిప్పుతారు. చుట్టుకు 1.9 మీటర్ల లెక్కన అది 190 కిలోమీటర్లు. చిన్న దూరంలా అనిపిస్తుంది కానీ, మొత్తం మలుపు భారంతోనే సాగే 190 కిలోమీటర్లు. రోడ్డు కారు జీవితంలో అలాంటి మలుపులు అరుదు. ట్రాక్ కారు విషయం అలా కాదు. ఆ పరీక్షలో టైర్ పట్టును (రాపిడి గుణకాన్ని) 0.7గా తీసుకుని, భద్రత కోసం 1.5 రెట్లు పెంచుతారు. మెత్తటి ట్రాక్ టైర్ల పట్టు 1 దాటిపోతుంది. కాబట్టి రోడ్డుకి ధారాళంగా ఉన్న ఆ మిగులు, ట్రాక్ మీద ప్రతి మలుపులో కొంచెం కొంచెంగా ఖర్చవుతూ ఉంటుంది.

రెప్లికా వీల్స్ మీద వాదన ఎందుకు తెగదు?

ముందు రెండు మాటలను విడదీయాలి. పేరున్న డిజైన్‌ను పోలిన వీల్‌ని సొంత పేరుతో అమ్మితే రెప్లికా. పేరు, స్టిక్కర్, పెట్టె అన్నీ కాపీ కొడితే నకిలీ. నకిలీ గురించి వాదించేదేమీ లేదు, అక్కడ ముద్రలు కూడా అబద్ధమే కావచ్చు.

రెప్లికాను సమర్థించేవాళ్లు చెప్పేది: స్పోకు ఆకారం ఎవరి సొత్తైనా, పరీక్షలు పాసై లోడ్ అంకె ఉంటే భయమెందుకు? ఎన్నో కార్లు వాటి మీదే తిరుగుతున్నాయి కదా. వ్యతిరేకించేవాళ్లు చెప్పేది: అసలు వీల్‌ని ఫోర్జింగ్ కోసం గీశారు, ఆ సన్నటి స్పోకునే పోతలో పోస్తే పైన పటారం, లోన లొటారమే. ఇద్దరి మాటల్లోనూ నిజముంది. బాధ్యతగా చేసిన రెప్లికా అసలుదానికన్నా బరువుగా ఉంటుంది, ఎందుకంటే పోత బలహీనతను లోహం కలిపి పూడ్చారు. అందుకే నాకు అనుమానం వచ్చేది బరువైన రెప్లికా మీద కాదు, అసలుదానంత తేలిగ్గా ఉందని చెప్పుకునే రెప్లికా మీద.

ఖర్చు వీల్‌తో ఆగదు

చవక వీల్ లెక్క చాలాసార్లు తప్పేది టైర్ దగ్గర. 195/55 ఆర్15 టైర్ (వెడల్పు 195 మి.మీ., గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ 15 అంగుళాలు) బయటి వ్యాసం 595.5 మి.మీ. 205/40 ఆర్17 అయితే 595.8. స్పీడోమీటర్‌కి తేడా తెలియదు. కానీ టైర్ గోడ ఎత్తు 107 నుంచి 82 మి.మీ.కి పడిపోయింది. గుంతలో దెబ్బను మింగే రబ్బరు 25 మి.మీ. తగ్గింది, ఆ దెబ్బ ఇప్పుడు రిమ్ తింటుంది. 17 అంగుళాల టైర్ సాధారణంగా 15 కన్నా ఖరీదు, బరువూ ఎక్కువే. ఫ్లో ఫార్మింగ్ కోసం డబ్బు పెట్టి తగ్గించిన బరువును టైరే మళ్లీ తెచ్చి పెట్టొచ్చు.

ఏటా రెండు మూడు సెట్ల టైర్లు అరగదీసే ట్రాక్ కారుకి ఇది ఇంకా పెద్ద లెక్క. మాజ్డా మియాటాలో పాత తరాల కార్లకి 15×8, 15×9 వీల్స్ అంతగా నప్పడం వెనక ఉన్నది ఇదే. వ్యాసం చిన్నది, వెడల్పు పెద్దది. బ్రేకులు పట్టేంత చిన్న వ్యాసం చాలు, పట్టు వెడల్పులో దొరుకుతుంది. నాలుగు వీల్స్ ఒకే కొలతలో ఉంటే టైర్లను ముందుకీ వెనక్కీ మార్చుకోవచ్చు కూడా.

అన్నిటికన్నా చవకైన మంచి వీల్ ఒక్కోసారి అదే కంపెనీ పై వేరియంట్ నుంచి తీసిన పాతది. బరువుగా ఉంటుంది, ఎవరూ ఫొటో తీయరు. కానీ పీసీడీ, మధ్య రంధ్రం, నట్టు సీటు అన్నీ సరిపోయే అవకాశం బాగా ఎక్కువ. పాతవాటిలో భయపడాల్సింది వెల్డింగ్ చేసినవాటికి. అల్యూమినియం వీల్ బలంలో చాలా భాగం టీ6 అనే వేడి ప్రక్రియది. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం ఆ బలాన్ని కోల్పోతుంది. పైన రంగేశాక అతుకు కనిపించదు, లోపలి గోడ మీద వేలితో తడిమితే చిన్న గట్టులా తగులుతుంది.

ట్రాక్ వీల్స్‌లో పగులు ఎక్కువగా మొదలయ్యే చోట్లు రెండు: స్పోకు గోడతో కలిసే వెనకవైపు మూల, నట్టు రంధ్రాల చుట్టూ. నల్లటి బ్రేకు ధూళి నిండిన వీల్ మీద అది కనిపించదు. కడిగి ఆరబెట్టాక, లైటు పక్కనుంచి పడేలా పట్టుకుంటే వెంట్రుకంత గీత. గీతా, పగులా అని సందేహమొస్తే గోరు పెట్టి అడ్డంగా గీస్తారు. గోరు ఆగితే ఆ వీల్ ఇక కారెక్కదు.